భాగం 7: హద్దు రాయి పోయినప్పుడు – రికార్డులు, కొలతలు, పరిష్కార మార్గాలు

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:

• హద్దు రాయికీ హద్దుకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• కొలతల పుస్తకం ఆధారంగా పోయిన రాయి స్థానాన్ని ఎలా కనుక్కుంటారో లెక్కతో చెప్పగలుగుతారు.
• పొరుగువారి కట్టడం వల్ల రాయి కనిపించకుండా పోతే చేయవలసిన పనులను వరుసగా పేర్కొనగలుగుతారు.
• సర్వే శాఖ, స్థానిక సంస్థ, పోలీసు, సివిల్ కోర్టు – వీటిలో ఏది ఏమి తేల్చగలదో, ఏమి తేల్చలేదో గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

తిరుపతి శివార్లలో మీ కుటుంబానికి ఒక ఇంటిస్థలం ఉందనుకోండి. వెడల్పు 36 అడుగులు, పొడవు 60 అడుగులు, మొత్తం 2,160 చదరపు అడుగులు. ఈ ప్రాంతంలో అంకణం అంటే 36 చదరపు అడుగులు కనుక మీ స్థలం 60 అంకణాలు. (పక్కనున్న నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు. అందుకే దస్తావేజులో అంకణాలు రాసి ఉంటే చదరపు అడుగుల లెక్క కూడా చూసుకోవాలి.)

పక్క స్థలంవారు ఇల్లు మొదలుపెట్టారు. పునాదికి జేసీబీతో మట్టి తీశారు. కొన్నాళ్లకు మీరు వెళ్లి చూస్తే మూలన ఉండవలసిన రాయి లేదు. గోడ మీవైపు అడుగున్నర జరిగిందని మీ అనుమానం. అదే నిజమైతే 60 అడుగుల పొడవునా 90 చదరపు అడుగులు, అంటే రెండున్నర అంకణాలు పోయినట్లు. తిరుపతి ధరల్లో అది చిన్న మొత్తం కాదు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. రేపటి నుంచి ఆ గోడకు ఇటు మీరు, అటు వారు తరతరాలు బతకాలి.

ఈ పరిస్థితిలో చాలామంది రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. కొందరు 'రాయే పోయింది, ఇక మన దగ్గర రుజువేముంది' అని వదిలేస్తారు. మరికొందరు గడ్డపార పట్టుకుని తమకు గుర్తున్నచోట కొత్త రాయి పాతేస్తారు. ఈ రెండూ ఎందుకు తప్పో, సరైన దారి ఏదో ఈ భాగంలో తెలుసుకుందాం.

7.2 రాయి వేరు, హద్దు వేరు

హద్దు అనేది ఒక రేఖ. ఆ రేఖ నేలమీద ఎక్కడుందో గుర్తు చేసే సాక్షి మాత్రమే రాయి. సాక్షి కనిపించకుండా పోయినంత మాత్రాన జరిగినది జరగకుండా పోదు. అలాగే రాయి పోయినా హద్దు పోదు. హద్దు అసలు చోటు రికార్డులో ఉంటుంది. దాన్ని మళ్లీ నేలమీదకు దించవచ్చు.

ఈ ఆలోచన కొత్తది కాదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో సరిహద్దు వివాదాల ప్రస్తావన ఉంది. హద్దుల్లో మర్రి, రావి వంటి చెట్లు పెంచాలని చెబుతూనే, భూమి లోపల రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, బొగ్గులు వంటివి పాతిపెట్టాలని కూడా అందులో ఉంది. పైకి కనిపించే గుర్తు చెరిగిపోవచ్చు కనుక చెరగని రెండో సాక్ష్యం ఉండాలన్నది దాని సారం. నేడు ఆ రెండో సాక్ష్యం ప్రభుత్వ సర్వే రికార్డు.

రాయిని కాపాడే బాధ్యత ఎవరిది? చాలామంది ప్రభుత్వానిదే అనుకుంటారు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం 15వ సెక్షను ప్రకారం తన భూమి హద్దుల్లోని సర్వే రాళ్లను కాపాడటం, పాడైతే బాగుచేయించడం, పోతే మళ్లీ వేయించడం పట్టాదారు బాధ్యత. కనుక రాయి పోయిందని తెలిసిన తరువాత ఊరుకోవడం మీకు మేలు చేయదు.

7.3 మన ప్రాంతంలో రికార్డు ఎలా ఏర్పడింది?

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీలో ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న దీనిలోని కొంత భాగంతో, నెల్లూరు జిల్లాలోని కొంత భాగంతో తిరుపతి జిల్లా ఏర్పడింది. కనుక ఈ రెండు జిల్లాల భూమి రికార్డుకు పునాది మద్రాసు సర్వే పద్ధతే. మద్రాసు సర్వే, సరిహద్దుల చట్టం 1923లో వచ్చింది. దాన్నే నేడు ఆంధ్రప్రదేశ్ చట్టంగా వ్యవహరిస్తున్నాం.

అయితే అన్ని గ్రామాల రికార్డు ఒకే కాలానిది కాదు. రైత్వారీ గ్రామాల్లో ప్రతి పొలాన్నీ విడిగా కొలిచిన రికార్డు ముందే ఉంది. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు వంటి జమీందారీల కింద ఉన్న అనేక గ్రామాల్లో 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతనే రైత్వారీ సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. మీ గ్రామం ఏ కోవకు చెందినదో తెలుసుకుంటే ఏ నాటి పటం అడగాలో తెలుస్తుంది.

ఇంకో మార్పు కూడా గమనించాలి. ఒకప్పుడు ఏ రాయి ఎక్కడుందో ఊరి కరణానికి నోటికి వచ్చేది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. ఆ వ్యవస్థలోని అన్యాయాలు పోవడం మంచిదే. కాని దానితోపాటు ఊరి జ్ఞాపకం కూడా పలచబడింది. అందుకే నేడు కాగితం చదవడం రైతుకూ ఇంటి యజమానికీ తప్పనిసరి అయింది.

7.4 కొలతల పుస్తకం చెప్పే లెక్క

ప్రతి సర్వే నంబరుకూ ఒక పటం ఉంటుంది. ఆ పటాలున్న పుస్తకాన్ని ఎఫ్.ఎం.బి. అంటారు, క్షేత్ర కొలతల పుస్తకం అని దాని అర్థం. మీరు కొన్నది ఇంటిస్థలమే అయినా, అది ఒకనాటి పొలంలో, ఏదో ఒక సర్వే నంబరులో ఉంటుంది. కనుక ముందు పొలం లెక్క అర్థం చేసుకుందాం.

పాత ఎఫ్.ఎం.బి.లో కొలతలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. కనుక ఒక లింకు 0.66 అడుగు, అంటే 7.92 అంగుళాలు. పొలంలో రెండు రాళ్ల మధ్య ఒక ఆధార రేఖ గీసి, దానిమీద ఎంత దూరం నడిచి, అక్కడినుంచి లంబంగా ఎంత పక్కకు వెళితే మూల రాయి వస్తుందో రాస్తారు. ఆధార రేఖను సర్వేయర్లు జి-లైన్ అని, పొలం హద్దు రేఖను ఎఫ్-లైన్ అని అంటారు.

ఉదాహరణ: 'అ' రాయి నుంచి 'ఆ' రాయికి ఆధార రేఖ 400 లింకులు. పోయిన 'ఇ' రాయి, 'అ' నుంచి 150 లింకులు నడిచి కుడివైపు 60 లింకులు వెళ్లినచోట ఉందని పటం చెబుతోంది.

మొదటి మెట్టు: 'అ', 'ఆ' రాళ్లు రెండూ నేలమీద ఉన్నాయా? వాటి మధ్య దూరం 400 లింకులు, అంటే 264 అడుగులు వస్తోందా? రాకపోతే ఆ రెండింటిలో ఒకటి కదిలి ఉండవచ్చు. అప్పుడు వాటిని నమ్మి ముందుకు పోకూడదు. ఇరుగుపొరుగు సర్వే నంబర్లలోని మరో రాయిని వెతకాలి.

రెండో మెట్టు: 'అ' నుంచి 99 అడుగులు (150 లింకులు) నడిచి, లంబంగా 39.6 అడుగులు (60 లింకులు) కొలిస్తే 'ఇ' స్థానం వస్తుంది.

మూడో మెట్టు, సరిచూసుకోవడం: లంబకోణ త్రిభుజ సూత్రం ప్రకారం 'అ' నుంచి 'ఇ' దూరం 150, 60ల వర్గాల మొత్తానికి వర్గమూలం. అది సుమారు 161.5 లింకులు, అంటే 106.6 అడుగులు. 'ఆ' నుంచి 'ఇ' దూరం 250, 60ల వర్గాల మొత్తానికి వర్గమూలం. అది సుమారు 257.1 లింకులు, అంటే 169.7 అడుగులు. రెండు రాళ్ల నుంచి ఈ దూరాలతో రెండు టేపులు లాగితే అవి కలిసే చోటు, రెండో మెట్టులో వచ్చిన చోటు ఒకటే కావాలి.

ఈ లెక్క మీకు నేర్పుతున్నది మీరే రాయి పాతుకోవడానికి కాదు. సర్వేయరు వచ్చిన రోజు ఆయన ఏ రాళ్ల నుంచి కొలుస్తున్నారో, సరిచూశారో లేదో మీరు అర్థం చేసుకోవడానికి.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. లింకు అంటేనే దాదాపు ఎనిమిది అంగుళాలు. ఎకరాల చేలకోసం లింకుల్లో రాసిన కొలతతో రెండు అంగుళాల తగాదాను తేల్చలేం. అడుగున్నర తేడాను తేల్చవచ్చు. ఈ తేడా తెలిస్తే దేనికోసం పట్టుబట్టాలో, దేన్ని పొరుగువారితో మాటలతో ముగించుకోవాలో తెలుస్తుంది.

2020 డిసెంబరులో ప్రారంభమైన రీసర్వే మరో మార్పు తెచ్చింది. ఉపగ్రహ సంకేతాలు అందుకునే రోవర్ పరికరాలతో కొలిచి, రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్.పి.ఎం. నంబర్లు ఇచ్చారు. అక్కడ హద్దు మూలలకు అక్షాంశ, రేఖాంశాల ఆధారంగా స్థానాలు నమోదవుతాయి. కనుక చుట్టూ ఒక్క రాయీ లేకపోయినా మూలను మళ్లీ గుర్తించే వీలుంది. అయితే రీసర్వేలో నమోదైన విస్తీర్ణం మీ దస్తావేజుతో సరిపోతోందో లేదో ముందే చూసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. 'రాయి పోయినా హద్దు పోదు' – ఎందుకు?
2. ఆధార రేఖ 500 లింకులు ఉంటే అది ఎన్ని అడుగులు?
3. రెండు రాళ్ల మధ్య దూరం పటంతో సరిపోకపోతే ఏం చేయాలి?

7.5 రాయి లేదని తెలిసిన రోజు

ముందుగా చేయకూడనిది చెబుతాను. నా చిన్నతనంలో మా చేని గెనిమ మీది రాయి, పొరుగువారు బావి గట్టు కట్టిన తరువాత కనిపించకుండా పోయింది. మా నాన్నగారు, పెదనాన్నగారు తమకు గుర్తున్నచోట ఒక రాతి కూసం పాతారు. వారిలో దురుద్దేశం లేదు. కొన్నేళ్లకు కొలత జరిగితే, మేం పాతిన కూసమే పొరుగువారి చేలో ఒక అడుగు లోపల ఉందని తేలింది. కూసం తీసేశాం. కాని అప్పటికే ఆ ఇంటివారు మా ఇంటి పెళ్లిళ్లకు రావడం మానేశారు. జ్ఞాపకం ఎప్పుడూ మనవైపే మొగ్గుతుందని నాకు అప్పుడు తెలిసింది.

చేయవలసినవి ఇవి:

(1) ఉన్నది ఉన్నట్లు నమోదు చేయండి. గోడ, పునాది గుంట, మిగిలిన రాళ్లు, పాత కంచె ఆనవాళ్లు తేదీతో ఫోటోలు తీయండి. కరెంటు స్తంభం, బావి, పాత ఇంటి మూల వంటి కదలని వాటినుంచి గోడకు దూరం కొలిచి రాసుకోండి. రాయి మట్టికుప్పలో పడి ఉంటే దాన్ని తీసి నాటవద్దు. ఫోటో తీసి అలాగే వదిలేయండి.

(2) కాగితాలు తెచ్చుకోండి. మీ రిజిస్టరు దస్తావేజు, అంతకుముందరి లింకు దస్తావేజులు, ఈ.సి., పొలమైతే 1-బి, అడంగల్, ఎఫ్.ఎం.బి. నకలు, లేఅవుటు స్థలమైతే ఆమోదం పొందిన లేఅవుటు పటం.

(3) పొరుగువారితో మాట్లాడండి. మేస్త్రీతోనో కూలీలతోనో గొడవపడవద్దు. జేసీబీ నడిపినవారికి రాయి కనిపించకపోయి ఉండవచ్చు. యజమానికి సంగతే తెలియకపోవచ్చు. నేరం మోపకుండా, ఇద్దరూ కలిసి కొలిపించుకుందామని అడగండి. మాట్లాడిన తరువాత ఒక చిన్న ఉత్తరం ఇవ్వండి. ఉదాహరణకు:

'అన్నగారికి నమస్కారం. మన రెండు స్థలాల మధ్య ఉత్తరపు మూల రాయి కట్టడం పనుల తరువాత కనిపించడం లేదు. ఎవరికీ నష్టం కలగకుండా సర్వేయరుగారితో కొలిపించాలని దరఖాస్తు చేస్తున్నాను. కొలత రోజున మీరు కూడా మీ కాగితాలతో రావలసిందిగా మనవి. అంతవరకు ఆ వైపు గోడ పని ఆపవలసిందిగా కోరుతున్నాను.'

ఈ ఉత్తరం నకలుమీద తేదీతో సంతకం తీసుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. పని ఆపమని మీరు ఎప్పుడు అడిగారన్నది రేపు ముఖ్యమవుతుంది. పునాది దశలో అడిగినవారికీ, పైకప్పు పడిన తరువాత అడిగినవారికీ కోర్టులో ఒకే ఆదరణ దొరకదు.

7.6 ఎఫ్-లైన్ దరఖాస్తు

హద్దు చూపించమని కోరే దరఖాస్తును ఎఫ్-లైన్ దరఖాస్తు అంటారు. దీన్ని మీసేవ ద్వారా గాని, గ్రామ, వార్డు సచివాలయంలో గాని రుసుము చెల్లించి ఇవ్వవచ్చు. సర్వే నంబరు, సబ్‌డివిజన్, ఏ వైపు రాయి పోయింది, పొరుగు పట్టాదారుల వివరాలు స్పష్టంగా రాయాలి.

కొలతకు ముందు పక్క పట్టాదారులకు నోటీసు వెళ్లాలి. వారికి తెలియకుండా జరిగిన కొలత ఎంత సరైనదైనా వివాదాన్ని ముగించదు. కొలత రోజున మూడు విషయాలు గమనించండి: సర్వేయరు ఏ పాత రాళ్లను ఆధారంగా తీసుకున్నారు, వాటి మధ్య దూరాన్ని పటంతో సరిచూశారా, ఎవరెవరు హాజరయ్యారో పంచనామాలో రాశారా. పంచనామా, కొలతల పటం నకలు అడిగి తీసుకోండి. ఫలితం తప్పని మీకో, పొరుగువారికో అనిపిస్తే పై సర్వే అధికారితో మళ్లీ కొలిపించమని కోరవచ్చు.

సర్వే అధికారం ఎంతవరకో కూడా తెలుసుకోవాలి. 1923 చట్టం కింద గ్రామ సర్వే పూర్తయినట్లు 13వ సెక్షను ప్రకటన వెలువడితే, సివిల్ కోర్టు మార్చితే తప్ప, ఆ హద్దులు సరిగా నిర్ణయమైనట్లే లెక్క. దాన్ని సవాలు చేసే దావాకు 14వ సెక్షను మూడేళ్ల గడువు పెట్టింది. నేడు సర్వేయరు చేసేది కొత్త హద్దు నిర్ణయించడం కాదు. అప్పటికే నిర్ణయమైన రేఖను నేలమీద చూపడం. ఆయన రాయి ఎక్కడుండాలో చెప్పగలరు. గోడ పడగొట్టలేరు, స్థలం ఎవరిదో తీర్పు చెప్పలేరు.

7.7 పట్టణ స్థలాలు, లేఅవుట్లు

పొలం మూల రాయి సర్వే శాఖ వేసినది. లేఅవుటులో ప్లాటు రాళ్లు సాధారణంగా లేఅవుటు వేసినవారు పాతినవి. ఒక సర్వే నంబరులో యాభై ప్లాట్లు ఉంటే ఎఫ్.ఎం.బి. ఆ నంబరు బయటి హద్దును చెబుతుంది గాని ప్రతి ప్లాటు గోడనూ చెప్పదు. అక్కడ పని రెండు అంచెల్లో జరగాలి. మొదట సర్వే నంబరు బయటి హద్దును గుర్తించాలి. తరువాత ఆమోదిత లేఅవుటు పటం ప్రకారం రోడ్డు అంచునుంచి ప్లాట్లను వరుసగా కొలుచుకుంటూ రావాలి. తిరుపతి చుట్టుపక్కల 1981లో ఏర్పడిన తుడా ఆమోదించిన లేఅవుట్లకు ఆ కార్యాలయంలో పటాలు ఉంటాయి. వరుసలో మొదటి ఇల్లు అడుగు జరిగితే తరువాతివన్నీ జరుగుతాయి. మీ పొరుగువారు నిజంగానే తమ కొలత ప్రకారం కట్టి ఉండవచ్చు; తప్పు నాలుగు ఇళ్ల అవతల మొదలై ఉండవచ్చు.

గ్రామకంఠంలోని పాత ఇళ్లకు విడివిడి సర్వే కొలతలు సాధారణంగా ఉండవు. అక్కడ దస్తావేజులోని నాలుగు వైపుల హద్దులు, పాత గోడలు, పన్ను రికార్డు, ఊరి పెద్దల సాక్ష్యం ముఖ్యమవుతాయి. దస్తావేజులో హద్దులకూ విస్తీర్ణానికీ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా స్పష్టమైన హద్దులకే ప్రాధాన్యం ఇస్తాయి.

పక్క కట్టడం ప్లాను ప్రకారం లేదని మీకు అనిపిస్తే నగరపాలక సంస్థకు లేదా పంచాయతీకి ఫిర్యాదు చేయవచ్చు. ప్లాను ఉల్లంఘనపై వారు చర్య తీసుకోగలరు. కాని ప్లాను మంజూరైనంత మాత్రాన ఆ స్థలం వారిదని రుజువు కాదు.

7.8 మాటలతో తేలకపోతే

పోలీసు: ప్రభుత్వ అధికారి అధికారంతో వేసిన హద్దు గుర్తును నష్టపరచాలన్న ఉద్దేశంతో ధ్వంసం చేయడం, కదల్చడం నేరం. పూర్వం ఇది భారత శిక్షాస్మృతి 434వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 326వ సెక్షనులో ఉంది. ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లేఅవుటువారు పాతిన ప్రైవేటు రాయికి ఈ సెక్షను వర్తించకపోవచ్చు. పైగా పోలీసు కేసు నేరాన్ని విచారిస్తుంది గాని మీ రేఖను గీయదు.

సివిల్ కోర్టు: పని సాగుతుంటే తాత్కాలిక నిషేధ ఉత్తర్వు కోరవచ్చు. చట్టవిరుద్ధంగా మీ స్వాధీనం పోతే, నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షను కింద ఆరు నెలల్లోగా దావా వేయవచ్చు. అందులో హక్కు రుజువు చేయనవసరం లేదు. హక్కు ఆధారంగా స్వాధీనం కోరే దావాకు సాధారణ గడువు 12 ఏళ్లు. హద్దు తగాదాలో కోర్టు సర్వేయరు సాయంతో కొలిపించడానికి అడ్వొకేట్ కమిషనర్‌ను నియమించవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 9వ రూలు ఇందుకు వీలిస్తుంది. హర్యానా వక్ఫ్ బోర్డు కేసులో 2008లో సుప్రీంకోర్టు, వివాదం హద్దు గుర్తింపు గురించే అయినప్పుడు కమిషనర్‌ను నియమించడం తగినదని చెప్పింది.

లోక్ అదాలత్: 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద ఇరువురూ రాజీపడితే, ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందవచ్చు. అడుగున్నర స్థలంలో ఇప్పటికే గోడ లేచి ఉంటే, కొలతను ఇద్దరూ ఒప్పుకొని, ఆ మేరకు ధర చెల్లించి రిజిస్టరు చేయించుకోవడం కూడా గౌరవమైన పరిష్కారమే. అయితే ఆ రాజీ కాగితంమీద ఉండాలి. నోటిమాట తరువాతి తరానికి అందదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

1. సర్వేయరు తేల్చగలిగేది ఏమిటి? తేల్చలేనిది ఏమిటి?
2. లేఅవుటు ప్లాటు విషయంలో ఎఫ్.ఎం.బి. ఒక్కటే ఎందుకు చాలదు?

7.9 సారాంశం

హద్దు రాయి సాక్షి మాత్రమే. హద్దు రికార్డులో ఉంటుంది. రాయి పోతే మీరే పాతవద్దు, ఊరుకోనూ వద్దు. ఉన్నది నమోదు చేసి, కాగితాలు సమకూర్చుకుని, పొరుగువారికి తెలియజేసి, వారి సమక్షంలో కొలిపించండి. గోడ లేవకముందు చేసిన కొలత సులభం, చౌక. లేచిన తరువాత అదే కొలత కోర్టు మెట్లెక్కుతుంది. ఈ భాగం చదవడం పూర్తయిన తరువాత మీ ఇంటి కాగితాలు తీసి, మీ నాలుగు మూలల రాళ్లు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే, ఒక్కొక్క రాయికి మూడు కదలని గుర్తులనుంచి దూరం కొలిచి దస్తావేజుతోపాటు దాచండి. మనుస్మృతి భూమిలో పాతమన్న రెండో సాక్ష్యం మీకు అదే.

7.10 ముఖ్య పదాలు

ఎఫ్.ఎం.బి.: ప్రతి సర్వే నంబరు కొలతల పటం ఉన్న పుస్తకం.
జి-లైన్: కొలతలకు ఆధారంగా తీసుకునే రేఖ.
ఎఫ్-లైన్: పొలం హద్దు రేఖ.
లింకు: గొలుసులో నూరో వంతు, 0.66 అడుగు.
గ్రామకంఠం: ఊరి నివాస స్థలం.

7.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. పొరుగువారి కట్టడం తరువాత హద్దు రాయి కనిపించకపోతే తీసుకోవలసిన చర్యలను వరుసక్రమంలో వివరించండి.
2. హద్దు వివాదంలో సర్వే శాఖ, పోలీసు, సివిల్ కోర్టు పాత్రలను పోల్చండి.

II. క్రింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానం రాయండి.
1. ఆధార రేఖ 300 లింకులు. పోయిన రాయి 120 లింకుల వద్ద, ఎడమవైపు 50 లింకుల దూరంలో ఉంది. ఆధార రేఖ రెండు చివరల నుంచి దాని దూరాలను అడుగుల్లో కనుక్కోండి.
2. పూర్వపు జమీందారీ గ్రామాల సర్వే రికార్డు రైత్వారీ గ్రామాల రికార్డుకు ఎలా భిన్నమైనది?